మేస్త్రీ గారికి క్రోషియా నేర్పిన సంగతి

మా వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, నా సర్వీసులో మరిచిపోలేని కేసు ఏదైనా చెప్పమంటారు. మంచం పట్టిన మనిషి లేచి పరుగెత్తాడు లాంటి కబురు వాళ్లకి కావాలని నాకు తెలుసు. అలాంటివేవీ నా చేతుల మీదుగా జరగలేదు. జరిగిందల్లా ఏమిటంటే, రిటైర్మెంట్ దగ్గర పడ్డాక నేను క్రోషియా నేర్చుకున్నాను. అందులో కూడా మొట్టమొదటి కుట్టు ఒక్కటే. రెండోది ఇప్పటికీ రాదు.

నేను పనిచేసింది బెంజ్ సర్కిల్‌కి దగ్గర్లో ఒక ఆసుపత్రిలో, ఆక్యుపేషనల్ థెరపీ విభాగంలో. బోర్డు మీద ఆ పేరు చూసి ఉద్యోగాలు ఇప్పిస్తారనుకుని సర్టిఫికెట్లు పట్టుకుని వచ్చినవాళ్లను నేనే స్వయంగా సాగనంపాను. జబ్బు చేసి చేతులు స్వాధీనం తప్పినవాళ్లు మళ్లీ గుండీలు పెట్టుకునేలా, తల దువ్వుకునేలా, అన్నం కలుపుకునేలా తయారుచేయడం మా పని. పక్కగదిలో ఫిజియోథెరపీ వాళ్లు ఒక మనిషిని నడిపిస్తే వరండాలో ఉన్నవాళ్లంతా చూసి మెచ్చుకుంటారు. మా గదిలో ఒకాయన చొక్కా గుండీ పెట్టుకుంటే వాళ్లావిడ తప్ప ఎవరూ గమనించరు.

ఒక వేసవిలో కంకిపాడు నుంచి ఒక వంట మేస్త్రీ గారు వచ్చారు. అరవై దాటిన మనిషి. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. నడక ఫిజియో వాళ్లు తెప్పించారు. మాట కాస్త ముద్దగానైనా వచ్చింది. కుడి చెయ్యి మాత్రం పిడికిలి బిగుసుకుని ఉండిపోయింది. వేళ్లకి ముడుచుకోవడం గుర్తుంది, విచ్చుకోవడం గుర్తులేదు.

ఆయన వెంట భార్య, బావమరిది వచ్చేవారు. బావమరిది ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు ఆయన బదులు వంటవాళ్లను వెంటేసుకుని పెళ్లిళ్లకి వెళ్తున్నాడు. నలభై దాటినవాడైనా బావ ముందు కుర్చీలో కూర్చునేవాడు కాదు. శ్రావణమాసంలో ఒక పెళ్లికి జబ్బు చేయకముందే మాట ఇచ్చారనీ, ఆ పెళ్లికూతురి తల్లి పెళ్లికి కూడా వంట ఈయనదేననీ, అప్పటికి తెడ్డు పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడలేకపోతే గంగాళాలన్నీ అమ్మేస్తానంటున్నారనీ అతనే చెప్పాడు.

భార్య చెప్పింది వేరు. మిగతా ఇద్దరూ బయటికి వెళ్లాక ఆవిడ వెనక్కి వచ్చింది.

"సారండీ, ఆయన ఎవరి ముందూ అన్నం తినట్లేదండీ. గదిలో తలుపేసుకుని ఎడం చేత్తో చెంచాతో తింటున్నారు. నన్ను కూడా రానివ్వట్లేదు."

అన్ని ఊళ్ల పెళ్లిళ్లలో బంతులు బంతులుగా జనానికి అన్నం పెట్టిన మనిషి ఆయన. నేను కేసు షీటులో తెడ్డు సంగతి రాసుకున్నాను. ఈ సంగతి రాసుకోలేదు. రాయక్కర్లేకుండానే గుర్తుంటుందనిపించింది.

మా దగ్గర అందరికీ మొదట ఇచ్చేది చిల్లులున్న చెక్క, వాటిలో గుచ్చే కొయ్య మేకులు. మేస్త్రీ గారు ఆ చెక్కను చూసి, ఇది మా మనవరాలి దగ్గర ఉందండీ డాక్టరు గారూ అన్నారు. నేను డాక్టర్ని కానని రోజూ చెప్పేవాణ్ణి. ఆయన రోజూ శ్రద్ధగా విని మళ్లీ డాక్టరు గారూ అనేవారు. ఆ తర్వాత పిసకడానికి మెత్తటి ముద్ద ఇచ్చాను. రబ్బరులా సాగుతుంది, వేళ్లకి బలమిస్తుంది. ఆయన ఎడం చేత్తో నొక్కి చూసి, ఎవరు కలిపారో గానీ పిండిలో నీళ్లెక్కువయ్యాయని పక్కన పెట్టేశారు. మరుసటి వారం నుంచి వచ్చి కూర్చోవడం, ఫ్యాను చూడటం, టైమవగానే కర్ర తీసుకుని లేవడం. మానేయలేదు, చెయ్యలేదు.

మా హెడ్ సిస్టర్ గారు భోజనం అయ్యాక డ్యూటీ రూములో కూర్చుని ఏదో ఒకటి అల్లుతూ ఉండేవారు. వాళ్ల చర్చిలో స్త్రీల సమాజం క్రిస్మస్ ముందు అమ్మకానికి పెట్టే వస్తువులు. క్రోషియా నేను మా ఇంట్లోనూ చూశాను. చిన్న హుక్కు, దాన్ని పెన్ను పట్టుకున్నట్టు వేలి కొసలతో పట్టుకుంటారు. ఒకరోజు నేను వెళ్లేసరికి ఆవిడ చేతిలో ఉన్నది గరిటె కాడంత పొడుగుంది. ఒక కొసన కొక్కెం, రెండో కొసన లూపులు జారిపోకుండా ఒక బిళ్ల. దాన్ని వేలి కొసలతో కాకుండా పిడికిలితో పట్టుకున్నారు. నేను ఆ పిడికిలినే చూస్తూ గుమ్మంలో నిలబడిపోయాను.

ఏం కావాలని అడిగారావిడ. అది నేర్పమని అడిగాను. ఎవరికి అన్నారు. నాకే అన్నాను. ఆవిడ కళ్లజోడు మీదుగా నన్ను కాసేపు చూశారు.

"ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా సార్?"

బాగానే ఉన్నారని చెప్పి విషయం వివరించాను.

దాని పేరు ట్యునీషియన్ క్రోషియా. ఆ దేశానికీ దీనికీ ఏం సంబంధమో ఆవిడకి తెలియదు, నేనూ కనుక్కోలేదు. మామూలు క్రోషియాలో ఒక్కో కుట్టూ అక్కడికక్కడే ముగించి ముందుకు పోతారు, వరస అయ్యాక అల్లికను తిప్పి పట్టుకుంటారు. ఇందులో తిప్పడం లేదు. అల్లిక ముఖం ఎప్పుడూ మన వైపే ఉంటుంది. కుడి నుంచి ఎడమకి వెళ్తూ, కింది వరసలో నిలబడి కనిపించే ప్రతి నిలువు పోగు వెనకా హుక్కు దూర్చి, దారం పైకి లాగి, ఆ లూపును హుక్కు మీదే ఉంచుకోవాలి. ఎడమ అంచుకి చేరేసరికి హుక్కు మీద లూపులన్నీ సాయంత్రం బస్సులో జనంలా కిక్కిరిసి ఉంటాయి. అప్పుడు దారం చుట్టి మొదట ఒక్క లూపులోంచి లాగాలి. ఆ తర్వాత రెండేసి లూపుల్లోంచి లాగుతూ, వాటిని ఒక్కొక్కటిగా దింపుకుంటూ కుడి అంచుకి తిరిగి రావాలి. చివరికి ఒక్క లూపు మిగులుతుంది. అంతే కుట్టు. ఆవిడ ఇదంతా చెప్పలేదు. వెళ్లేప్పుడు ఎక్కించుకోండి, వచ్చేప్పుడు దింపెయ్యండి అని మాత్రం చెప్పి డ్యూటీకి వెళ్లిపోయారు.

నా మొదటి గుడ్డ త్రికోణంగా వచ్చింది. చదరంగా మొదలుపెట్టినట్టే నాకు గుర్తు. సిస్టర్ గారు దాన్ని ఎత్తి చూసి, పల్లీల పొట్లానికి బాగుంటుందన్నారు. ఎడమ అంచున ఆఖరి పోగు అంచులో కలిసిపోయి కనపడదు, నేను ప్రతి వరసలోనూ దాన్ని వదిలేస్తున్నాను. జాగ్రత్తపడి రెండో గుడ్డలో కనిపించినదల్లా పట్టుకున్నాను. కుడి అంచున మొదటి పోగు మీద అప్పటికే లూపు ఉంటుంది కాబట్టి దాన్ని వదిలెయ్యాలట. నేను వదల్లేదు. ఆ గుడ్డ కింద సన్నగా మొదలై పైకి పోయేకొద్దీ విసనకర్రలా విచ్చుకుంది. మూడోది తిన్నగానే వచ్చింది గానీ చాపలా చుట్టుకుపోయింది.

"అది దీని గుణం సార్. లావు హుక్కు తీసుకుని వదులుగా లాగండి. దారం ఎవరో లాక్కుపోతున్నట్టు పట్టుకుంటున్నారు."

మా ఇల్లు ఉయ్యూరు. రోజూ బస్సు. కిటికీ పక్కన కూర్చుని సాధన చేసేవాణ్ణి. ఆ రోజుల్లో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా చాలామంది నిలబడే ప్రయాణం చేశారు. మా ఆవిడ చూసింది, కారణం వింది, సరేనంది. మరునాడు వాళ్ల అక్కయ్యకి ఫోన్‌లో చెప్తూ, ఆయనకి ఈమధ్య కాస్త తేడాగా ఉందనడం నాకు వినిపించింది. ఫిజియోథెరపిస్టు మాత్రం, బయట రోడ్డు తారు కరుగుతున్న ఎండల్లో, నాకు స్వెట్టరు ఎప్పుడిస్తారు సార్ అని నెల పొడుగునా అడిగాడు.

మేస్త్రీ గారి చేతికి తగిన హుక్కు వన్ టౌన్ బజారులో దొరకలేదు. ఊలు కొట్టువాళ్లు సూదులు చూపించారు. చివరికి మా ఆసుపత్రిలోనే కృత్రిమ కాళ్లు చేసే ఆయన్ని అడిగాను. ఆయన టేకు చెక్కతో లావుపాటి పిడి ఉన్న హుక్కు చెక్కి ఇచ్చారు. మొదటిసారి కొక్కెం ఎంత వాడిగా వచ్చిందంటే దారాన్ని తెంపేది. గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశారు. ఏ కాలికి అని ఆయన రెండు మూడుసార్లు అడిగారు.

మేస్త్రీ గారి ముందు ఆ హుక్కు, లావుపాటి నూలు దారం పెట్టాను.

"నన్ను స్వెట్టర్లు అల్లమంటారా డాక్టరు గారూ?"

నేను అల్లినవాటిలో కాస్త తిన్నగా ఉన్న గుడ్డ తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన ఎడం చేత్తో దాన్ని నలిపారు, మడిచారు. బల్ల మీద బావమరిది పెట్టిన టీ గ్లాసు పొగలు కక్కుతోంది. గుడ్డ దాని చుట్టూ చుట్టి గ్లాసు ఎత్తి, అలాగే పట్టుకుని కూర్చున్నారు.

"ఒత్తుగా ఉంది. నూలేనా?"

నూలేనన్నాను.

"మసిగుడ్డకి పనికొస్తుంది."

తర్వాత ఆ పూటంతా ఆయన మసిగుడ్డల గురించే మాట్లాడారు. పొయ్యి మీంచి గంగాళం దింపేటప్పుడు పాత తువ్వాలు ఎన్ని మడతలేసినా వేడి ఎలా దిగుతుందో, తడి గుడ్డతో పట్టుకుంటే ఆవిరి ఎలా కొడుతుందో, ఊలుగుడ్డయితే మంట దగ్గర ఎలా ముడుచుకుపోతుందో. అన్ని రోజుల్లో ఆయన అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. వెళ్లేముందు, ఆ పుల్ల ఇటివ్వండి అన్నారు.

మొదటి వారాల్లో కుడి పిడికిలిలో హుక్కు పెట్టడమే ఒక పని. నేను నా చేతిని ఆయన చేతి మీద వేసి, దూర్చడం, తిప్పడం, లాగడం చేయించేవాణ్ణి. దారం పని ఎడం చెయ్యి చూసుకునేది. ఒక్క వరసకే పూట గడిచిపోయేది. అలాంటి చెయ్యి అదే పనిగా దేన్నైనా బిగించి పట్టుకుంటే ఇంకా బిగుసుకుపోతుంది. అందుకని వరస పూర్తయిన ప్రతిసారీ హుక్కు పక్కన పెట్టి, ఎడం చేత్తో కుడి వేళ్లు విప్పి, అరచెయ్యి బల్ల మీద ఆనించి కాసేపు ఉంచాలని నియమం పెట్టాను. ఆయనకి అది నచ్చేది కాదు. వంట మధ్యలో చెయ్యి ఆపితే అడుగంటుతుందనేవారు. ఇది అంటదులెండి అనేవాణ్ణి. ఆయన నమ్మలేదు గానీ చేసేవారు.

ఒకరోజు ఎడమ అంచు దాకా వచ్చాక చెయ్యి ఒక్కసారిగా అదిరింది. కొక్కెం వైపు నుంచి లూపులు జారి చాలామటుకు ఊడిపోయాయి. మేస్త్రీ గారు హుక్కు విసిరికొట్టారు. అది గోడకి తగిలి బీరువా కిందికి దొర్లింది. గదిలో ఉన్న మిగతా రోగులు తలలు దించుకుని తమ తమ మేకులు గుచ్చుకోసాగారు. ఆయన భార్య లేచి, వంగి, చీపురు పుల్లతో హుక్కును బయటికి లాగి, పమిటతో తుడిచి బల్ల మీద పెట్టింది. వెళ్లి మళ్లీ తన కుర్చీలో కూర్చుంది. ఆయన చాలాసేపు దానికేసి చూశారు. తర్వాత హుక్కు తీసుకుని, ఊడిన లూపులను ఒక్కొక్కటే వెతికి ఎక్కించుకోవడం మొదలుపెట్టారు. నేను సాయం చెయ్యబోతే మోచెయ్యి అడ్డం పెట్టారు. అదీ కుడి మోచెయ్యి. అది నేను కేసు షీటులో రాసుకున్నాను.

ఆషాఢంలో పెద్ద డాక్టరు గారు రౌండ్సుకి వచ్చారు. వెనక జూనియర్లు. మా గదికి వచ్చేవాళ్లు ఎక్కువ, కుర్చీలు తక్కువ. ఇక మెరుగుపడరనుకున్నవాళ్లను ఇంటికి పంపి కొత్తవాళ్లకి చోటివ్వాలి. అది ఆయన బాధ్యత, అందులో తప్పు లేదు. మేస్త్రీ గారి కాగితాలు చూసి, చెయ్యి చూపించమన్నారు.

"ఒక్క నిమిషం సార్. వరస మధ్యలో ఉంది. ఇవన్నీ దిగాలి," అన్నారు మేస్త్రీ గారు.

డాక్టరు గారు ఆగారు. జూనియర్లూ ఆగారు. ఆ నిమిషం బాగా సాగింది. లూపులు ఒక్కొక్కటే దిగుతుంటే వాళ్లలో ఒకమ్మాయి పెదవులు కదుపుతూ లెక్కపెడుతోంది. చివరికి ఒక్కటి మిగిలింది. మేస్త్రీ గారు హుక్కు పక్కన పెట్టి చెయ్యి చాపారు. డాక్టరు గారు మణికట్టు అటూ ఇటూ తిప్పి చూశారు, వేళ్లు లాగి చూశారు. పట్టు బాగుంది, విచ్చుకోవడం లేదు అన్నారు. అది నిజమే. శ్రావణం దాకా రానివ్వమని కాగితం మీద రాసి, బయటికి నడుస్తూ ఈ పద్ధతి ఏ పుస్తకంలో ఉందని నన్ను అడిగారు. హెడ్ సిస్టర్ గారికి తెలుసు సార్ అన్నాను.

పెళ్లి కంకిపాడులోనే, ఒక కల్యాణమండపంలో. ముహూర్తం పొద్దున్నే. నన్ను తప్పకుండా రమ్మన్నారు. పెళ్లికి కాదు, పెళ్లివారెవరో నాకు తెలియదు. వెనక వంటల షెడ్డుకి రమ్మన్నారు. వెళ్లేసరికి గ్యాసు పొయ్యిలు హోరుమంటున్నాయి. గుమ్మడికాయ, మునక్కాయ ముక్కలతో దప్పళం గంగాళంలో తెర్లుతోంది. వంటవాళ్లు గంగాళాల చెవులు పట్టుకుని దింపుతున్నది మేస్త్రీ గారు అల్లిన గుడ్డలతోనే. వాటిలో ఒక్కటి కూడా నాలుగు మూలలూ సమానంగా లేదు.

మేస్త్రీ గారు ఉతికిన పంచె కట్టుకుని, కర్ర గోడకి ఆనించి, పొయ్యి దగ్గరికి నడిచారు. బావమరిది తెడ్డు అందించాడు. కుడి పిడికిలి దాన్ని పట్టుకుంది. పట్టు బాగుందని పెద్ద డాక్టరు గారే చెప్పారు. తెడ్డు ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. దప్పళం బరువు నూలు దారం బరువులాంటిది కాదు. భుజం వణికింది, మోచెయ్యి దిగిపోయింది, తెడ్డు గంగాళం అంచుకి వాలిపోయింది. షెడ్డులో కూరలు తరుగుతున్నవాళ్లు కత్తిపీటల మీద చేతులు ఆపేశారు. ఆయన భార్య తలుపు దగ్గర నిలబడి ఉంది.

"నువ్వే కలుపురా," అన్నారాయన బావమరిదితో.

వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నేను పక్కన నిలబడ్డాను. ఆయన గంగాళాల వైపు చూడకుండా తన మోకాళ్లకేసి చూసుకుంటున్నారు. మనసులో గంగాళాలకి బేరం పెడుతున్నారేమో అనుకున్నాను.

కాసేపటికి బావమరిది చిన్న గరిటెతో దప్పళం తెచ్చాడు. మేస్త్రీలు అరచేతిలో వేయించుకునే రుచి చూస్తారు. జబ్బు చేసినప్పటి నుంచి ఈయన అసలు రుచే చూడటం లేదని, అడిగితే నీకు తెలియదా అని కసురుతున్నారని అతను అంతకుముందే నాకు చెప్పాడు. అయినా తెచ్చాడు. ఎడం చేతి వైపు వంగాడు.

మేస్త్రీ గారు ఎడం చెయ్యి ఒళ్లో పెట్టుకున్నారు. కుడి చెయ్యి చాపారు. పిడికిలి వెల్లకిలా తిరిగింది. బావమరిది గరిటె పట్టుకుని అలాగే ఆగాడు. బొటనవేలు పక్కకి జరిగింది. చూపుడువేలు లేచింది, తర్వాత మధ్యవేలు, దాని వెనక ఉంగరం వేలు. చిటికెన వేలు సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఎడం చెయ్యి సాయం రాలేదు. అరచేతిలో చిన్న గుంట ఏర్పడింది. బావమరిది గరిటె మీద ఊది, ఆ గుంటలో కాస్త పోశాడు.

మేస్త్రీ గారు నాలుకకి రాసుకుని కళ్లు మూసుకున్నారు.

"ఉప్పు చాల్లేదు. బెల్లం కొంచెం ఎక్కువే వెయ్యి. ఎవర్రా ముక్కలు ఇంత లావు తరిగింది?"

తరిగినవాడు లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత షెడ్డులో అందరూ ఒక్కసారిగా పనిలో పడ్డారు. డాక్టరు గారికీ వెయ్యమని మేస్త్రీ గారు నన్ను చూపించారు. నా అరచేతిలోనూ పోశారు. నాకు ఉప్పు సరిపోయిందనే అనిపించింది. ఆ మాట అక్కడ అనలేదు.

ఆ చెయ్యి దేనివల్ల విచ్చుకుందని మీరు అడుగుతారు. సెమినార్లలోనూ నన్ను అడిగారు. కుట్టువల్ల కావచ్చు. కుట్టు కుట్టకుండా మధ్యలో చెయ్యి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నందువల్ల కావచ్చు. కొన్ని చేతులు వాటంతట అవే కొంత తిరిగి వస్తాయి, ఆ సమయానికి పక్కన ఎవరుంటే వాళ్లకి పేరొస్తుంది. తెడ్డు తిప్పే బలం ఆయనకి ఆ తర్వాత కూడా రాలేదు. గంగాళాలు మాత్రం అమ్మలేదు. కుర్చీ వేయించుకుని కూర్చుని వంట చేయిస్తున్నారు. ముక్కలు లావుగా తరిగేవాళ్లకి ఆయన నిలబడ్డప్పటికంటే ఇప్పుడే భయం ఎక్కువని విన్నాను.

ఆ రోజు పెళ్లివారి భోజనాలన్నీ అయ్యాక, ఆఖరి బంతిలో వంటవాళ్లు కూర్చున్నారు. నాకూ విస్తరి వేశారు. నా పక్క విస్తరి ఖాళీగా ఉంది. మేస్త్రీ గారు కర్ర పక్కన పెట్టి, బల్ల పట్టుకుని నెమ్మదిగా వచ్చి అక్కడ కూర్చున్నారు. ఆయన భార్య కొంగులోంచి చెంచా తీసి విస్తరి పక్కన పెట్టి, అవతలి వరస వాళ్లకి నెయ్యి వడ్డించడానికి వెళ్లిపోయింది. మళ్లీ ఇటు చూడలేదు. ఆయన చెంచాను మంచినీళ్ల గ్లాసు వెనక్కి నెట్టి, పప్పు అన్నంలోకి కుడి చెయ్యి పెట్టారు.

కలపడానికి చాలాసేపు పట్టింది. ముద్ద నోటి దగ్గరికి వచ్చేసరికి సగం విస్తట్లోనే రాలింది. మళ్లీ కలిపారు. బావమరిది ఎదుటి వరసలో తల దించుకుని తింటున్నాడు. ఒకళ్లొకళ్లే తినడం ముగించారు గానీ చేతులు ఎండుతున్నా విస్తళ్ల ముందు నుంచి లేవలేదు. విస్తళ్లు ఎత్తే ఆవిడ గంప పట్టుకుని మా బల్ల చివర వచ్చి నిలబడింది. మేస్త్రీ గారు అప్పటికి ఇంకా దప్పళం అన్నమే తింటున్నారు. నా కడుపు ఎప్పుడో నిండిపోయింది. వడ్డించే అతన్ని పిలిచి ఇంకాస్త అన్నం, మజ్జిగ వేయించుకున్నాను.